నోట్లో నానిన నువ్వుగింజ

పోయిన నెల రెండో శుక్రవారం సాయంత్రం మన సంఘం పుస్తకగోష్ఠిలో ఓల్గా గారి ‘అయోని’ కథ చదివాము. చదివింది నేనే. పెద్దవాళ్ళం పద్దెనిమిది మందిమి, పక్కగదిలో క్యారమ్స్ ఆడుకుంటున్న పిల్లలు తొమ్మిదిమంది. కథ పూర్తయ్యాక కాసేపు ఎవరూ నోరు మెదపలేదు. తరువాత మాట్లాడినవారు కథ గురించి మాట్లాడలేదు, కథ చదవడం గురించి మాట్లాడారు. “పిల్లలు పక్కనే ఉన్నారు, కాస్త గొంతు తగ్గించి చదవవలసింది” అన్నారొకరు. “కుటుంబాలతో కూర్చునేచోట ఇలాంటివి అవసరమా?” అన్నారు మరొకరు. మా అందరిలోకీ పెద్దాయన, యాన్బు వచ్చి ముప్పై ఏళ్ళయినవారు, నవ్వుతూనే, “అమ్మా, ఇవన్నీ ఎక్కడో బొంబాయిలో జరిగేవి. చదువుకున్న కుటుంబాల్లో ఎందుకుంటాయి?” అన్నారు. ఆయన మీద నాకు చాలా గౌరవం. ఆ మాట మీద మాత్రం లేదు. ఈ సంచికకి ఆ కథమీద విమర్శ రాయమని సంపాదకులు అడిగారు గనక రాస్తున్నాను. రాస్తూపోతే ఇది కథమీద విమర్శ కాకుండా, విన్న మనమీద విమర్శ అయ్యేలా కనబడుతోంది. ముందే మనవి చేసుకుంటున్నాను.

‘అయోని’ ఓల్గా గారి ‘రాజకీయ కథలు’ వరసలోది, 1990ల తొలిరోజుల నాటిది. ఆ వరసలో ఒక్కొక్క కథా స్త్రీ శరీరంలో ఒక్కొక్క భాగాన్ని పట్టుకుంటుంది. జడ, కళ్ళు, ముక్కు – ఇలా. ఆ భాగం ఆమెదేనా, లోకానిదా అని అడుగుతుంది. ‘అయోని’ వాటిలోకెల్లా పైకి పలకడానికి కష్టమైన భాగాన్ని ఎంచుకుంది. ఎత్తుకుపోయి అమ్మేసిన ఒక చిన్నపిల్ల తన నోటితో తాను చెప్పుకునే కథ. పేరులోనే పేచీ పెట్టారు రచయిత్రి. మన పురాణాల్లో అయోనిజ అనిపించుకోవడం గొప్ప. సీత నాగేటిచాలులో దొరికింది, ద్రౌపది హోమగుండంలోంచి లేచి వచ్చింది. ఆ గౌరవవాచకాన్ని తెచ్చి ఓల్గా గారు ఒక పసిపిల్ల కోరికగా మార్చేశారు. ఆ అవయవమే లేకుండా పుట్టి ఉంటే ఎంత బాగుండును అనే కోరిక. చిన్నప్పటినుంచీ హరికథల్లో విన్న మాట ఒకటి ఇలా తిరగబడి కనిపిస్తే చదివేవాడికి మళ్ళీ ఆ హరికథ ఎప్పటిలా వినపడదు. రచన చేయగలిగిన పని అంతకంటే ఏముంటుంది?

కథలో నన్ను పట్టి ఆపింది ఆ పిల్ల భాష. జరిగినదానికి ఆమె దగ్గర పేరు లేదు. ఆలోచిస్తే మన ఇళ్ళలో ఏ పిల్ల దగ్గరా లేదు. కన్ను, ముక్కు, చెవి అని చూపించి చూపించి నేర్పుతాం. నడుము దిగేసరికి మాటలైపోతాయి. గౌను కాస్త పైకి లేస్తే “సిగ్గు సిగ్గు” అంటాం, ఇప్పటివాళ్ళం “షేమ్ షేమ్” అంటున్నాం. అంటే శరీరంలో ఆ భాగానికి మనం పిల్లలకి నేర్పిన పేరే సిగ్గు. అక్కడ ఎవడో చెయ్యి వేస్తే ఆ పిల్ల అమ్మదగ్గరికి వచ్చి ఏమని చెప్పాలి? పోనీ పెద్దవాళ్ళ భాష చూద్దామా. మన దినపత్రికలు ఏళ్ళతరబడి ‘మానభంగం’ అని రాశాయి. దొంగతనం జరిగితే సొమ్ము పోయినవాడి పరువు పోయిందని రాయం కదా. ఇక్కడ మాత్రం చేసినవాడి దుర్మార్గాన్ని వదిలేసి, పడినదాని మానం విరిగిందని పేరు పెట్టాం. ఆ తరువాత ‘కీచకుడు’, ‘కామాంధుడు’, ‘మృగాడు’ అన్నారు. ఇవీ నాకు నచ్చవు. కీచకుడంటే మీసాలు మెలేసిన మరెవడో. మృగమంటే అడవిలోది. పండక్కి పట్టుబట్టలు తెచ్చి, పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చాక్లెట్టు ఇచ్చే మనిషి ఈ మాటల్లో దేనిలోనూ ఇమడడు.

కథమీద నా ఫిర్యాదు కూడా ఇక్కడే. ఓల్గా గారి కథలో పిల్లని ఎత్తుకుపోయేవాళ్ళు బయటివాళ్ళు. నరకం ఇంటి బయట ఉంది. ఆ వ్యాపారం నిజమే, దానిమీద అంత ధైర్యంగా తెలుగులో రాసినవారు తక్కువ. కాని చదివేవాడికి ఒక వెసులుబాటు మిగిలిపోయింది. కన్నీళ్ళు తుడుచుకుని, పక్కగదిలోంచి పిల్లల్ని పిలుచుకుని, తలుపు గడియ పెట్టుకుంటే చాలుననుకోవచ్చు. మన పెద్దాయన ‘ఎక్కడో బొంబాయిలో’ అనగలిగారంటే కథ ఆయనకి ఆ దారి వదిలిపెట్టింది గనకనే. ఒక్క కథని పట్టుకుని అందులో లేనిదానికి తప్పుపట్టడం న్యాయం కాదని నాకు తెలుసు. నా గొడవ ఆ కథతో కంటే, ఇంట్లోవాడి గురించి రాయడానికి ఇన్నాళ్ళూ తటపటాయించిన మన కథా సాహిత్యంతో.

చదువుకున్న కుటుంబాల్లో ఎందుకుంటాయి అన్న ప్రశ్నకి చదువుకున్న కుటుంబాలే జవాబిచ్చాయి. ఢిల్లీలో 1996లో మొదలైన ‘రాహి’ అనే సంస్థ 1998లో ఒక సర్వే ప్రచురించింది. ఇంగ్లీషు బాగా వచ్చిన మధ్యతరగతి, పైతరగతి స్త్రీలు 600 మంది జవాబులు రాశారు. నూటికి 76 మంది చిన్నతనంలో ఏదో ఒక రూపంలో లైంగికంగా హింస పడ్డామన్నారు. ఇష్టపడి జవాబిచ్చినవారి లెక్క గనక దీన్ని దేశం మొత్తానికి అంటగట్టకూడదు. మనలో ఇంజనీర్లు ఎక్కువ, శాంపిల్ గురించి నన్ను పట్టుకుంటారని తెలుసు. సరే, ఇంకొకటి చెబుతాను. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్నే అడిగి 2007లో నివేదిక వేసింది. 53.22 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక దుష్ప్రవర్తనకి గురయ్యామన్నారు. ఎక్కువగా నమోదైన నాలుగు రాష్ట్రాల్లో అప్పటి మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. తక్కిన మూడూ అస్సాం, బీహారు, ఢిల్లీ. చేసినవారిలో సగంమంది ఆ పిల్లలకి తెలిసినవారే, వాళ్ళు నమ్మిన స్థానంలో ఉన్నవారే. అత్యధికులు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అవునన్న పిల్లల్లో మగపిల్లలు సగానికి కాస్త ఎక్కువే ఉన్నారన్నది కూడా ఆ నివేదికలో ఉంది. ఆ వ్యాసం మన మగవారిలో ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.

ఇంతకంటే నన్ను ఆలోచింపజేసిన లెక్క అమెరికాది, ఎంచేతంటే అందులోని మనుషులు మనలాంటివాళ్ళు. ఉద్యోగాలూ, ఆరోగ్య బీమా, బ్యాంకులో నాలుగు డబ్బులూ ఉన్నవాళ్ళు. శాన్ డియాగోలో ఫెలిట్టి అనే వైద్యుడు 1980లలో లావు తగ్గించే క్లినిక్కు నడిపేవాడు. బాగా తగ్గుతున్నవాళ్ళే మధ్యలో మానేసి వెళ్ళిపోతుంటే ఆయనకి అంతుపట్టలేదు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగితే తెలిసింది, వారిలో చాలామంది చిన్నతనంలో లైంగిక హింస పడ్డవారు. ఆ లావు వాళ్ళకి జబ్బు కాదు, అడ్డుగోడ. ఆ అనుమానంతోనే, మరో సంస్థతో కలిసి, 17,000 మందికి పైగా పెద్దవాళ్ళ బాల్యానుభవాలు సేకరించారు. 1998లో ఫలితాలు రావడం మొదలయ్యింది. స్త్రీలలో దాదాపు నాలుగోవంతు మంది చిన్నప్పుడు లైంగిక హింసకు గురయ్యామని రాశారు. నలభైల్లో వచ్చే తలనొప్పులకీ, నిద్రపట్టకపోవడానికీ, కారణం దొరకని పొత్తికడుపు నొప్పికీ ఇక్కడి ఆసుపత్రుల్లో ఎన్ని స్కానులు తీయించుకుంటామో మనకి తెలుసు. ప్రతిదానికీ ఇదే కారణమని నేను అనడంలేదు. అడిగే ప్రశ్నల్లో ఇది కూడా ఒకటి కావాలంటున్నాను.

డయానా రస్సెల్ అనే ఆవిడ 1978లో శాన్ ఫ్రాన్సిస్కోలో 930 మంది స్త్రీలతో, ఒక్కొక్కరితో విడివిడిగా ముఖాముఖి మాట్లాడించింది. నూటికి 38 మందికి పద్దెనిమిదేళ్ళలోపే ఇది జరిగింది. నన్ను ఆపేసిన అంకె అది కాదు. కుటుంబంలో జరిగినవాటిలో పోలీసులదాకా వెళ్ళినవి నూటికి రెండు. తొంభై ఎనిమిది ఆ ఇళ్ళల్లోనే ఉండిపోయాయి.

ఈ తొంభై ఎనిమిదీ చేతిలో పెట్టుకుని మన సామెత ఒకటి చూద్దాం. ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదట. దీనికి మన పెద్దలు భారతంలోంచి కారణం కూడా చెబుతారు. యుద్ధం అయిపోయింది, చచ్చినవాళ్ళకి తర్పణాలు వదులుతున్నారు. అప్పుడు కుంతి పెద్దకొడుకుతో, నాయనా కర్ణుడికి కూడా వదులు, వాడు మీ అన్న, నా కడుపున పుట్టినవాడు అంది. కన్నెపిల్లగా ఉన్నప్పుడు జరిగిన సంగతి, కొడుకులకి కొడుకులు పుట్టి వాళ్ళు యుద్ధంలో చచ్చిపోయాక బయటపడింది. ధర్మరాజు ఏం చేశాడు? తల్లి పడిన బాధ అడగలేదు. ముందే ఎందుకు చెప్పలేదని కుమిలిపోయి, ఇకమీదట ఆడవాళ్ళ కడుపులో రహస్యం దాగకుండు గాక అని మొత్తం స్త్రీజాతినే శపించాడు. మన నువ్వుగింజ ఆ శాపం నుంచి రాలినదే అంటారు.

కుంతి కథని ఇలా చదవకూడదనేవారు ఉంటారు. అది వరం, ఆయన దేవుడు అంటారు. వ్యాసుడి అరణ్యపర్వం తెరిచి చూడండి. ముని ఇచ్చిన మంత్రాన్ని కుతూహలం కొద్దీ పలికిన చిన్నపిల్ల, తప్పయిపోయింది వెళ్ళిపొమ్మని బతిమాలుతుంది. వచ్చినవాడు వెళ్ళడు. నీ తండ్రినీ, మంత్రం ఇచ్చినవాడినీ కాల్చేస్తానని బెదిరిస్తాడు. నీ మీద మచ్చ పడదులే అని మాట ఇస్తాడు. కుతూహలం, ప్రతిఘటన, ఇంట్లోవాళ్ళకి హాని చేస్తానన్న బెదిరింపు, ఎవరికీ తెలియదులే అన్న హామీ. ఈ నాలుగూ ఈ రోజు ఏ బాలల కేసు తెరిచినా కనబడేవే. చివర్లో నలభై యాభై ఏళ్ళకి ఆమె నోరు తెరిస్తే విన్నవాడు వేసే మొట్టమొదటి ప్రశ్న కూడా అదే: అప్పుడే ఎందుకు చెప్పలేదు? స్త్రీపర్వాన్ని తిక్కన గారు తెలుగు చేసి ఏడువందల ఏళ్ళు దాటింది. ప్రశ్న మారలేదు. సామెత మాత్రం పచ్చి అబద్ధం. ఆ నోళ్ళలో నువ్వుగింజ నానింది, మెత్తబడింది, మింగేశారు కూడా.

సామెతల గురించి ఇంకొక్క మాట. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. ముల్లు వచ్చి ఆకుమీద పడ్డా, ఆకు వెళ్ళి ముల్లుమీద పడ్డా ఆకుకే నష్టం. ఇంటిగుట్టు లంకకి చేటు. తెలుగు సామెతల్ని జాతి అనుభవసారమని మెచ్చుకుంటూ ఎన్నో వ్యాసాలు వచ్చాయి, మన పత్రికలోనే రెండు వచ్చాయి. వాటిని ఎవరు ఎవరికి ఏ సమయంలో చెబుతారన్నది కూడా విమర్శకులు చూడాలి. ఈ మూడూ చెప్పేది తల్లి, వినేది కూతురు, సమయం ఆ కూతురు నోరు విప్పిన మరుక్షణం. అనుభవసారమే కావచ్చు. ఆ తల్లి కూడా ఎవరి దగ్గరో అలాగే విని ఉంటుంది.

లెక్కలు కట్టడం తెల్లవాళ్ళ అలవాటనుకునేవారికి మన గురజాడని గుర్తుచేస్తాను. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయ్యింది. అచ్చుప్రతికి ఆయన రాసిన ఇంగ్లీషు ముందుమాటలో ఒక పట్టిక ఉంది. విజయనగరం మహారాజు విశాఖ జిల్లాలో మూడేళ్ళపాటు కన్యాశుల్కం పెళ్ళిళ్ళు లెక్కకట్టించాడు. నమోదైనవి 1,034. పెళ్ళినాటికి అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాదిపిల్లలు ముగ్గురు. నాటకం చదివి నవ్వుకున్నంతగా ఈ పట్టిక చదివి మనం ఉలిక్కిపడలేదు. అందరం గిరీశం మాటలు అప్పజెప్పగలం. మధురవాణి చమత్కారాలు చెప్పుకుంటాం. లుబ్ధావధాన్లుకి కట్టబెట్టబోయిన సుబ్బి ఏమంది? ఎవరికైనా గుర్తుందా? నాటకమంతా ఏ పిల్ల చుట్టూ తిరుగుతుందో ఆ పిల్ల గొంతు మన జ్ఞాపకంలో లేదు. గురజాడని తప్పుపట్టడానికి ఇది చెప్పడంలేదు. ఆ పిల్లలు పెద్దయి, ముసలివాళ్ళయి, మనవలకి కథలు చెప్పి, ఆ ఒక్క కథా చెప్పకుండా వెళ్ళిపోయారు. మా ముత్తవ్వకి తొమ్మిదో ఏట పెళ్ళయ్యిందట. ఆవిడ గురించి మా ఇంట్లో చెప్పుకునేదల్లా ఆవకాయ బాగా పెట్టేదని.

ఇక సినిమాలు. ఇక్కడ మనందరికీ సాహిత్యం అవే కదా. 2022లో తమిళంలో తీసి తెలుగులోకి తెచ్చిన ‘గార్గి’ ఉంది. సాయిపల్లవి ఒక స్కూలు టీచరు. వాచ్‌మన్ పని చేసే తండ్రిని చిన్నపిల్లమీద అత్యాచారం కేసులో పట్టుకుపోతే, ఆయన నిర్దోషి అని నిరూపించడానికి లోకంతో పోరాడుతుంది. చివరికి ఆయన దోషే అని తెలుస్తుంది. సినిమా చూడనివారు క్షమించాలి, అది చెప్పకుండా ఈ సినిమా గురించి చెప్పలేను. మంచి తండ్రే, కూతురికి పాఠాలు చెప్పిన తండ్రే, అయినా దోషి. నేను పైన అడిగిన ‘ఇంట్లోవాడి’ కథ అదే. 2025 మార్చిలో మన తెలుగులో ‘కోర్టు’ వచ్చింది. పోక్సో చట్టాన్ని మనవాళ్ళకి ఇంటింటా పరిచయం చేసిన సినిమా. బాగా తీశారు, బాగా ఆడింది, నేనూ చప్పట్లు కొట్టాను. కాని అందులో పోక్సో కేసు ఒక కక్షగొట్టు మేనమామగారి లాంటి పెద్దమనిషి పంతొమ్మిదేళ్ళ కుర్రాడిమీద పెట్టించిన తప్పుడు కేసు. అలాంటివి జరుగుతాయి, జరుగుతున్నాయి. వయసొచ్చిన పిల్లల ప్రేమల్ని ఈ చట్టంతో తొక్కేయడం నిజమైన సమస్యే. నా బాధల్లా ఇది: తెలుగు ప్రేక్షకుడు ఈ చట్టం గురించి గుర్తుపెట్టుకునే మొదటి కథ, అది అబద్ధంగా వాడబడిన కథ అయ్యింది. నూటికి తొంభై ఎనిమిది చెప్పబడకుండా ఉన్నచోట, చెప్పినవారిని ముందు అనుమానించమని నేర్పే కథకి చప్పట్లు ఎక్కువ పడ్డాయి. దర్శకుడి తప్పు కాదది. పక్కన నిలబడటానికి ఇంకో పది కథలు లేకపోవడం తప్పు.

చెప్పడం అనేది ఒక్కరోజులో అయ్యే పని కాదు. రోలండ్ సమ్మిట్ అనే మానసిక వైద్యుడు 1983లో దీనిమీద ఒక వ్యాసం రాశాడు. పిల్లలు ముందు దాస్తారు, నిస్సహాయంగా సర్దుకుంటారు, ఆలస్యంగా చెబుతారు, పొంతన లేకుండా చెబుతారు, చెప్పాక ఇల్లు అల్లకల్లోలమైతే భయపడి, అబ్బే ఏంలేదు అని మాట వెనక్కి తీసుకుంటారు. మనం ఈ చివరిది చూసి, చూశారా అబద్ధమని తేలిపోయింది అంటాం. వెనక్కి తగ్గడం చెప్పేవాళ్ళకే పరిమితం కాదు, వినేవాళ్ళకీ ఉంది. ఫ్రాయిడంతటివాడు 1896లో తన దగ్గరకొచ్చిన 18 మంది రోగుల జబ్బులకీ మూలం చిన్ననాటి లైంగిక హింస అని వియన్నాలో సభలో చెప్పాడు. మరుసటి సంవత్సరమే ఆ సిద్ధాంతం మీద తనకే నమ్మకం పోయిందని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. తండ్రులు అంతమంది అలాంటివారా అన్నది ఆయన సందేహాల్లో ఒకటి. మన పెద్దాయన నవ్వుతూ అన్నది అదే.

ఖుష్బూ గారు మనకి తెలిసినవారే. ‘కలియుగ పాండవులు’తో తెలుగులోకి వచ్చినవారు. 2023 మార్చిలో ఆవిడ, ఎనిమిదేళ్ళ వయసునుంచి కన్నతండ్రి చేతిలోనే హింస పడ్డాననీ, ఎదిరించి మాట్లాడటానికి తనకి పదిహేనేళ్ళు రావలసివచ్చిందనీ, అమ్మ నమ్మదేమోనని భయపడ్డాననీ చెప్పారు. అంతటి గొంతున్న మనిషికి లోకం ముందు ఆ మాట అనడానికి యాభై దాటాలి. కెనడాలో స్థిరపడిన ఒక భారతీయ స్త్రీ, చిన్నప్పుడు ఇంట్లో బంధువు చేసినదానిమీద దాదాపు నలభై ఏళ్ళ తరువాత ఇండియాలో ఫిర్యాదు చేయబోతే కాలపరిమితి అడ్డొచ్చింది. ఆవిడ అక్కడితో ఆగలేదు, విన్నపాలు పెట్టింది. 2018 అక్టోబరులో కేంద్రం న్యాయశాఖని సంప్రదించి, పోక్సో కింద ఫిర్యాదుకి కాలపరిమితి లేదని, పెద్దయ్యాక కూడా చేయవచ్చునని ప్రకటించింది. అయితే ఆ చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. అంతకుముందు జరిగినవాటికి పాత శిక్షాస్మృతే గతి, అందులో చిన్న శిక్ష ఉన్న నేరాలకి గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. మన గోష్ఠికి వచ్చిన ఆడవాళ్ళందరి బాల్యమూ 2012కి ముందుదే.

ఇప్పుడు మన సంగతి. గల్ఫ్‌లో ఉన్న మనకి దేశం అంటే ఏడాదికో నలభై అయిదు రోజులు. విమానం దిగినదగ్గరనుంచి పిల్లల్ని చేతులు మార్చడమే. వాళ్ళు ఎన్నడూ చూడని మనుషుల్ని చూపించి, “మావయ్యరా, ముద్దు పెట్టు”, “తాతయ్య ఒళ్ళో కూర్చో” అంటాం. పిల్ల బిగుసుకుపోతే, “ఎడారిలో పెరిగి బొత్తిగా కలుపుగోలుతనం లేకుండా పోయింది” అని మనమే నవ్వుతాం. నగలు చేయించుకోవడానికీ, స్థలం రిజిస్ట్రేషనుకీ తిరుగుతూ రోజంతా ఎవరింట్లోనో వదిలిపెడతాం. పదో తరగతి కాగానే ఇంటర్మీడియట్ కోసం విజయవాడకో హైదరాబాదుకో పంపి, సెలవు రోజుల్లో చూసుకోమని ‘లోకల్ గార్డియను’ని రాసిస్తాం. వీళ్ళలో ఎక్కువమంది మంచివాళ్ళే, నా పిల్లలూ అలాగే పెరిగారు. ముద్దు పెట్టనంటే బలవంతం చేయకపోవడానికి మాత్రం డబ్బు ఖర్చవదు.

మగవారికి ఒక మాట. మీ ప్లాంట్లలో ‘నియర్ మిస్’ రిపోర్టు అని ఉంటుందట. ఎక్కడైనా ఫ్లాంజి కారుతోందని చూసినవాడు కాగితం రాసి పెట్టెలో వేస్తే, “నువ్వు ఆ టైములో అక్కడికి ఎందుకెళ్ళావు? ముందే ఎందుకు చెప్పలేదు?” అని అడగకూడదని మీకు ట్రైనింగులో చెబుతారని మావారు చెప్పారు. అలా అడిగితే రేపటినుంచి ఎవడూ రాయడట, ఆ తరువాత ప్లాంటే లేచిపోతుందట. ఇంత బాగా తెలిసినవారు కూతురు దగ్గర ఎందుకు మరచిపోతారో నాకు అర్థం కాదు.

నేను కూడా మరచిపోయినదాన్నే. ఈ విమర్శ నామీదకి కూడా తిప్పుకోకపోతే మిగతాదంతా రాసే అర్హత నాకు లేదు. పదిహేడేళ్ళ కిందట, మేము యాన్బు వచ్చిన కొత్తల్లో, నాకంటే ఆరేళ్ళు చిన్నదైన ఒక స్నేహితురాలు ఉండేది. ఒక గురువారం రాత్రి పిల్లలతో సముద్రం ఒడ్డున చాపలు వేసుకుని కూర్చున్నాం. మావారికి నైట్ షిఫ్టు. దూరంగా రిఫైనరీ మంట కనిపిస్తోంది. సెలవుకి వెళ్ళబోతున్నాం, ఏమేం కొన్నామో చెప్పుకుంటున్నాం. మధ్యలో తను, “అక్కా, ఈసారి మా పుట్టింటికి పిల్లని తీసుకెళ్ళాలంటే భయంగా ఉంది” అంది. ఎందుకన్నాను. రెండు మూడు వాక్యాలు చెప్పింది. ఎవరో, ఏ వయసులోనో, ఏ గదిలోనో. నేను, “పోనీలే, ఎప్పటి మాటో. ఇప్పుడవన్నీ తలుచుకుని ఏం లాభం? ఆయనకి మాత్రం చెప్పకు” అన్నాను. సలహా ఇచ్చాననే అనుకున్నాను. మూడు సామెతలూ కలిపి ఒక్క ముక్కలో చెప్పేశానని అప్పుడు తట్టలేదు. తను మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. కొన్నేళ్ళకి వాళ్ళు వేరే దేశం వెళ్ళిపోయారు.

గోష్ఠి అయిన రాత్రి నిద్రపట్టక తనకి ఫోను చేశాను. ఆ రోజు నేనన్నది తప్పని చెప్పాను. ఇదంతా రాయనా అంటే, ఊరూ చుట్టరికమూ రాయకు, మిగతాది రాసుకో అంది. రాసింది చదివి వినిపించాను కూడా. “నువ్వేమన్నావో నాకు గుర్తులేదక్కా” అంది. “నేను మాట మొదలుపెట్టగానే నువ్వు లేచి, ఫ్లాస్కులో టీ ఉందేమో చూస్తానని వెళ్ళావు. అది గుర్తుంది. ఫ్లాస్కు నా పక్కనే ఉంది.”